తొమ్మిదో మెట్టు మీద గండుచీమలు

1

ఈ ఉదయం ఇల్లు తుడుస్తుంటే కిటికీ కింద పొట్టు కనిపించింది. రంపం పెట్టి కోసినప్పుడు రాలే పొట్టులాంటిదే, ఒక గుప్పెడు. చీపురుతో తోసేశాను. ఇక ఎవరూ ఎండలో తిరగకూడదని మోగే ఎండకూత మోగాక తలుపులు బిగించుకుని బియ్యం ఏరుకునేసరికి అదే చోట మళ్ళీ చిన్న కుప్ప తయారైంది.

గుమ్మం పైన ఉన్న పారా పెట్టె పలికింది. "కిటికీ దిగువన గుర్తించబడని వ్యర్థము. నమోదు చేయబడినది."

"చేసుకో," అన్నాను.

పారా ప్రతి ఇంటికీ ఉంది. మేం ఎప్పుడు లేచామో, ఎంత నీళ్ళు వాడామో అన్నీ రాసి కొండ పైనున్న గృహ కార్యాలయానికి పంపుతుంది. దాని రాత దానిది. ఈ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా బతుకుతున్నది నేను. కనుక నేనూ రాస్తాను. బియ్యం సంచి లోపలి కాగితం చింపి, వంటసాల పెన్సిలుతో మొదలుపెట్టాను. నా పేరు పైడితల్లి. కొండవాలున మెట్టు మెట్టుగా కట్టిన ఇళ్ళ వరసల్లో మాది తొమ్మిదో మెట్టు, దాని ఉమ్మడి వంటసాలలో వంట చేస్తాను.

సాయంత్రం కూత అయ్యాక మా ఆయన ఎర్నాయుడు వచ్చాడు. కొండ మీద పొగమంచు నుంచి నీళ్ళు పట్టే మంచు వలలు అల్లే పని ఆయనది. కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తూ ఆ కుప్ప చూశాడు. చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఇదేటి?" అన్నాడు.

"పొట్టు మావా. కిటికీ చెక్క పాతదైపోయింది."

ఆయన వంగి వేళ్ళతో నలిపి చూశాడు. అన్నం తిన్నాక చాప చుట్ట చంకన పెట్టుకుని బయటికి వెళ్ళి మెట్ల మీద పరుచుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆరో మెట్టు కూలినప్పుడు ఆయన, ఆయన అన్న అక్కడ అన్న ఇంట్లోనే ఉన్నారు. ఈయన్ని బయటికి తీశారు. అన్నని తీయలేకపోయారు. చెద లోపల్లోపలే తినేసిందని, పైకి చెక్క నిగనిగలాడుతూనే ఉందని తర్వాత చెప్పారు.

2

చీమలు కనిపించాయి. వంటగదిలో బెల్లం డబ్బా చుట్టూ, నల్లగా, బొద్దుగా, గండుచీమలు. బెల్లం మాకు నెలకి ఒక్కసారే వస్తుంది. చీమలకి పెట్టేంత లేదు. మసిలే నీళ్ళు పోశాను. గోడ వెంట వచ్చే బారు మీద కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. సగం చచ్చాయి. హమ్మయ్య అనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి బారు పొయ్యి పక్క నుంచి కాకుండా దేవుడి పటం వెనక నుంచి వస్తోంది.

చచ్చినవి బయట తిరిగేవి మాత్రమే. అవి పుట్టే చోటు ఎక్కడో లోపల ఉంది. ఇది నాకు ఇవాళ తెలిసింది. తెలిశాక సిగ్గు కూడా వేసింది. పాలగిన్నె పొంగుతుంటే మంట తగ్గించకుండా నేల తుడిచినట్టు చేశాను.

పక్కింటి గున్నమ్మప్ప వచ్చింది. మాది మెట్టు చివరి ఇల్లు. ఒక పక్క కొండరాయి, ఇంకో పక్క ఆవిడ ఇల్లు. రెండిళ్ళకీ గోడ ఒకటే.

"ఒలే పైడీ, మీ గోడలో ఏటో గరగరమంటన్నాది. పొద్దుట్నించీ ఇంటన్నాను," అంది.

ఇద్దరం గోడకి చెవి ఆనించాం. మొదట చలిగొట్టంలో నీళ్ళు పారే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆ గొట్టం లోతు సముద్రం నుంచి చల్లటి నీళ్ళు తెచ్చి గోడ లోపలగా తిప్పుతుంది. అది లేకపోతే ఎండాకాలం పగలు ఇంట్లో ఉండలేం. నేను గోడని పిడికిలితో కొట్టాను. అప్పుడు వినిపించింది. ఎండిన విస్తరాకులు మడిచినట్టు, సన్నగా, చాలాచోట్ల ఒక్కసారి.

గున్నమ్మప్ప నా ముఖంలోకి చూసింది. "చెదేమోనే," అంది మెల్లగా.

"చెద బెల్లం ముట్టదప్పా," అన్నాను. ఆ మాట నాకే ధైర్యం చెప్పుకున్నట్టుంది.

3

తొలి వాన పడింది. మా మెట్టు వాళ్ళందరూ గిన్నెలు, బిందెలు బయట పెట్టి చూరు కింద నిలబడ్డారు. కింద సముద్రంలో, మునిగిపోయిన పాత ఊరి నీళ్ళ ట్యాంకు ఒక్కటే పైకి కనిపిస్తుంది. దాని మీద కూడా వాన పడుతుంటే పిల్లలు కేకలు వేశారు.

నేను లోపలికి వచ్చేసరికి కిటికీ చట్రం సందులోంచి రెక్కల పురుగులు వస్తున్నాయి. పదీ ఇరవై కాదు. చట్రం ఊపిరి వదులుతున్నట్టు వస్తూనే ఉన్నాయి. దీపం చుట్టూ, గోడ మీద, నా జుట్టులో.

పారా గొంతు మారింది. "రెక్కలు గల కీటకములు. కలప పొట్టు. గోడ యందు చలనము. నిర్ణయము, చెద." గుమ్మం మీద ఎర్ర దీపం వెలిగింది. మెట్టు మెట్టంతా ఆ దీపాన్ని చూసింది. వాన కింద నిలబడ్డ వాళ్ళలో ఒక్కొక్కరే బిందెలు తీసుకుని ఇళ్ళల్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు పర్యవేక్షకుడు ధనుంజయ వచ్చాడు. మా మెట్టుకి, పైనున్న పదో మెట్టుకి ఆయనే పెద్ద. సన్నటి మనిషి. ఎప్పుడూ గొడుగు చంకలో పెట్టుకునే ఉంటాడు. చెప్పులు బయట విడిచి, గోడని చేత్తో తాకి, వెంటనే తీసేశాడు.

"అమ్మా, అమావాస్యలోగా ఖాళీ చేయాలి. మీ ఇల్లు, ఆనుకుని ఉన్న ఇల్లు. తర్వాత కాల్చేస్తారు."

"చెద కాదు బాబూ. చీమలు."

"పరికరం చెద అంది."

"పరికరం రెక్కలు చూసింది. నాను పురుగుని సూసినాను."

ఆయన నావైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆరో మెట్టు కూలకముందు ఒక ఇల్లాలు ఇలాగే అంది. చెద కాదు, పాత చెక్క అంది. ఆవిడ మాట విన్నాం. తర్వాత ఎంతమందిని మోశామో మీకు తెలుసు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. భయపెట్టడమూ లేదు.

"మరి మమ్మల్ని ఎక్కడికి పంపుతారు?"

"మెట్ట శిబిరానికి."

మెట్ట శిబిరంలో మగవాళ్ళకి ఒక షెడ్డు, ఆడవాళ్ళకి ఒక షెడ్డు. ఆరో మెట్టులో మిగిలినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. మొగుడూ పెళ్ళాం కలిసేది వారానికోసారి, కంచె దగ్గర.

"నాను ఎల్లను," అన్నాను.

ధనుంజయ గొడుగు సర్దుకున్నాడు. "ఇవాళ అలాగే అంటారమ్మా," అన్నాడు.

4

గున్నమ్మప్ప ఉదయాన్నే మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"నీ ఇంట్లో పురుగు పుడితే నా కొంప కాలుస్తారా? నా కూతురు పురిటికి వస్తాదని ఉయ్యాల కట్టుకున్నాను. ఆ బిడ్డని షెడ్డులో పడుకోబెట్టుకోమంటావా?"

"చెద కాదప్పా."

"కాదని నీకెలగ తెలుసు? వొండుకునేదానివి, నీకెలగ తెలుసే?"

నిజమే. నాకు తెలియదు. అనుకుంటున్నానంతే. అనుకోవడానికి, తెలియడానికి మధ్య రెండు కొంపలు, రెండు కుటుంబాలు ఉన్నాయి. అందుకే పనిలో దిగాను.

రాలిపడిన రెక్కల పురుగుల్ని గాజు గ్లాసులో పట్టాను. తర్వాత వాన వెలిసిన సాయంత్రం, వంటసాల వెనక మట్టికట్ట దగ్గర దీపం పెట్టి ఉసుళ్ళని పట్టాను. ఉసుళ్ళంటే రెక్కలొచ్చిన చెదే కదా. అవి ఇంకో గ్లాసులో. రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఉసిలికి నడుము లేదు, మెడ నుంచి తోక దాకా ఒకే గొట్టం. నాలుగు రెక్కలూ ఒకే పొడుగు. ముట్టుకుంటే రెక్కలు ఊడిపోతాయి. నా ఇంట్లోదానికి దారంతో బిగించి కట్టినట్టు నడుముంది. ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. మీసాలు మోచేతిలా మడిచి ఉన్నాయి.

పొట్టు కూడా పళ్ళెంలో పోసి చూశాను. అందులో చీమ కాళ్ళు, ఎండిన తలకాయలు ఉన్నాయి. ఇల్లు ఊడ్చుకుని చెత్త బయట పారబోసినట్టుంది. చెద అయితే ఊడ్చుకోదు, తింటుంది.

గ్లాసులు తీసుకుని గున్నమ్మప్ప దగ్గరికి బయల్దేరాను. వాళ్ళ వైపు మూల స్తంభం మీద మట్టి చార కనిపించింది. బురద గీత, వేలెడు వెడల్పు. చెద అలాగే మట్టి దారి కట్టుకుని ఎక్కుతుంది. కాసేపు అక్కడే నిలబడ్డాను. వెనక్కి తిరిగిపోయి మూట కట్టుకుందామా అనిపించింది. తర్వాత గోటితో గీకాను. మట్టి పెళ్ళ ఊడి చేతిలో పడింది. లోపల గదులు, ఒక్కో గదిలో సాలెపురుగు. మట్టిగూడు కట్టి సాలెపురుగుల్ని దాచుకునే కందిరీగ పని అది.

గున్నమ్మప్ప గుమ్మంలోంచి నన్ను చూస్తూనే ఉంది. "ఏటి, నవ్వుతన్నావో ఏడుస్తన్నావో," అంది.

"ఇలగ రా అప్పా. రెండు గ్లాసులు సూపిస్తాను."

ఆవిడ చాలాసేపు చూసింది. చివరికి చీమ గ్లాసు మీద గోటితో కొట్టి, "దీనికి నడుమున్నాదే," అంది.

5

ధనుంజయకి గ్లాసులు చూపించాను. ఆయన కూర్చుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. కాదనలేదు.

"చీమలే అనుకుందాం. చీమలైనా కలప తొలిచేవే కదమ్మా. గోడ లోపల ఎంత తొలిచాయో మీరు చెప్పగలరా?"

"నేదు."

"నేనూ చెప్పలేను. పరికరం చెప్పినదాన్ని కాదనాలంటే నాకు కళ్ళకి కనిపించేది కావాలి. గ్లాసులో పురుగు చాలదు."

"గోడ ఇప్పి సూపిస్తే?"

ఆయన లేచి నిలబడ్డాడు. "చలిగొట్టం గోడకి కార్యాలయం ముద్ర ఉంది. ముద్ర తెంపితే ఇంటి సంగతి అలా ఉంచి, మీ మీదే కేసు. ఆ మాట మీరు అనలేదు, నేను వినలేదు."

పారా రెండూ విన్నది. వింటే విననీ.

గూడు ఎక్కడుందో ముందు తెలియాలి. సాయంత్రం కూత అయ్యాక బెల్లం ముక్క నీళ్ళలో కరిగించి నేల మీద ఒక చుక్క పెట్టాను. చీమలు వచ్చి తాగాయి. పొట్టలు ఉబ్బించుకుని వెనక్కి బయల్దేరాయి. నేను మోకాళ్ళ మీద పాకుతూ వాటి వెంట వెళ్ళాను. పొయ్యి వెనక, పటం వెనక, కిటికీ కింద, మూడు బారులూ చివరికి ఒకే చోట కలిశాయి. చలిగొట్టం గోడలోకి దిగే వంపు దగ్గర, ముద్ర ఉన్న పలక సందులోకి. ఆ పలక మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది, అది ఉండేదే. చెయ్యి తీస్తే తడిగా కూడా ఉంది. గొట్టం పైన చుట్టిన గుడ్డ కార్యాలయం వాళ్ళు చుట్టింది. అది చిరిగి గొట్టానికి చెమట పడుతుంటే, ఆ నీరంతా చెక్క తాగుతోంది. ఎండిన చెక్కని ఈ చీమలు తొలచలేవు. మెత్తగా నానబెట్టి ఇచ్చింది వాళ్ళు. ఇప్పుడు ఇల్లు కాలుస్తామంటున్నదీ వాళ్ళే.

నాకు అప్పటిదాకా భయం ఉండేది. ఆ తడి చెయ్యి చీరకి తుడుచుకున్నాక కోపం వచ్చింది.

6

క్యారమ్స్ ఆడే షెడ్డులో బోరిక్ పొడి అడిగి తెచ్చాను. బెల్లం నీళ్ళలో గట్టిగా కలిపి పెడితే చీమలు వాసన చూసి పక్క నుంచి పోయాయి. ఎక్కువైందన్నమాట. మళ్ళీ చేశాను, ఈసారి చిటికెడే. తాగాయి. తాగినవాటిని చంపలేదు, పోనిచ్చాను. గూటికి పట్టుకెళ్ళి అందరికీ పంచనీ. వంటమనిషికి ఇంతకన్నా పాడు పని లేదు. అయినా చేశాను.

రోజూ పెడుతున్నాను. బారు పలచబడుతోంది. గోడ కొడితే చప్పుడు ఇంకా ఉంది, కానీ సన్నగిల్లింది.

ఎర్నాయుడు మూట కట్టాడు. తన బట్టలు, నా చీరలు, రెండు కంచాలు.

"ఎల్లిపోదుం పైడీ," అన్నాడు.

"చీమలు మావా. నీకు సూపించినాను గదా."

"సూపించినావు. నాకు తెలుసు చీమలేనని. అయినా ఆ గోడలో గరగరమంటే నాకు మా అన్న ఇనబడతాడు. చెక్క కింద ఆడు గోకినాడే. నాను అది ఇంటానే పడున్నాను. చెయ్యి అందనేదు. సప్పుడు ఆగిపోయేదాకా ఇన్నాను."

ఇన్నేళ్ళలో ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను దగ్గరికి వెళ్ళి ఆయన తల నా పొట్టకి ఆనించుకున్నాను. ఇద్దరం అలాగే ఉన్నాం. పారా ఏదో నమోదు చేసింది.

తర్వాత నేను చెప్పాను. "నువ్వు ఎల్లు. నిన్ను ఉండమనను. గున్నమ్మప్ప వాకిట్లో పడుకో. నాను మాత్రం ఈ గోడ ఇప్పకుండా కదలను. మనిద్దరినీ కంచెకి అటొకరిని ఇటొకరిని నిలబెడతారంట. అది నా వొల్ల కాదు."

"గోడ మీద పడితే?"

"పడితే అప్పుడు నా సప్పుడూ ఇను. నీకు అలవాటే గదా."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన మూట అక్కడే వదిలి బయటికి వెళ్ళిపోయాడు.

7

ఇవాళ వచ్చారు. తెల్లవారుతుండగా, ఎండకూతకి ముందే పని కావాలని. నలుగురు కూలీలు, చమురు డబ్బాలు, ముందు ధనుంజయ. మెట్టు జనం అంతా వాకిళ్ళలో నిలబడ్డారు.

నేను లోపల గడియ పెట్టుకున్నాను. వంటసాల నుంచి గడ్డపలుగు, మా మామగారి ఉలి ముందే తెచ్చి పెట్టుకున్నాను.

"అమ్మా, తలుపు తీయండి," అన్నాడు ధనుంజయ.

"తీస్తాను. కొంచెం ఆగండి."

ఉలి పెట్టి ముద్ర తెంపాను. పారా వెంటనే అరిచింది. "ముద్ర భంగము. గృహస్థురాలు పైడితల్లి. నేరము నమోదు చేయబడినది." దాని పని అది చేసింది. పలుగు సందులో దూర్చి నా బరువంతా వేశాను. పలక చప్పుడు లేకుండా ఊడివచ్చింది, తడిసిన రొట్టె విరిగినట్టు. లోపలి నుంచి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. నీళ్ళతోపాటు చీమలు.

అప్పుడు తలుపు తీశాను. "రండి. కాల్చే ముందు సూసి కాల్చండి."

ధనుంజయ వచ్చాడు. కూలీలు వెనకే వచ్చారు. గున్నమ్మప్ప వాళ్ళని తోసుకుని వచ్చింది. గోడ లోపల మూల స్తంభం నిలువుగా తెరుచుకుని ఉంది. చెక్కలో గదులు, వసారాలు, సన్నటి నడవలు. గరుకు కాగితం పెట్టి రుద్దినంత నునుపు. వాటిలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి పిల్లల్ని నోట కరుచుకుని మిగిలిన చీమలు పరిగెడుతున్నాయి. అడుగున, బాగా నానిన చోట, బొటనవేలి గోరంత రాణిచీమ కదలకుండా ఉంది. నా బెల్లం దానిదాకా వెళ్ళింది.

"ఎంత లోతు తిన్నాయో," అన్నాడు ధనుంజయ. ఆయన గొంతులో నమ్మకం లేదు. "చెద కూడా ఉండొచ్చు కదా లోపల. రెండూ ఉండొచ్చు."

నేను పలుగు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు జనం పక్కకి జరిగారు. ఎర్నాయుడు లోపలికి వచ్చాడు. ఆ పొట్టు కనిపించిన దగ్గరి నుంచి ఆయన ఈ గోడ వైపు అడుగు వేయడం ఇదే మొదలు. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, చొక్కా చెయ్యి పైకి మడిచి, స్తంభం తొర్రలో భుజం దాకా పెట్టాడు. చీమలు మెడ మీదికి పాకాయి. దులుపుకోలేదు. లోపలంతా తడిమి, పిడికెడు తీసి ధనుంజయ ముందు తెరిచాడు. పొడి పొట్టు, తడి పొట్టు, నాలుగు చీమలు.

"బాబూ, ఆరో మెట్టులో నన్ను పైకి తీసినప్పుడు నా నోటినిండా మట్టి. చెక్క లోపల చెక్క నేదు, మట్టే. చెద తిన్నచోట మట్టి పెడతాది. అది నాను నమిలినాను, నాకు తెలుసు. ఇందులో మట్టి ఏది? సూపించండి, ఇప్పుడే మూట మోసుకుని ఎల్లిపోతాను."

ధనుంజయ ఆ చేతిలోది తన చేతిలోకి తీసుకుని నలిపాడు. వాసన చూశాడు. తర్వాత గొట్టం వంపు కింద వేలు పెట్టి, చుక్క పడేదాకా ఆగి, పారా వైపు తిరిగాడు.

"పర్యవేక్షకుడు ధనుంజయ. చెద కాదు, గండుచీమలు. కళ్ళారా చూశాను. కూలీలను వెనక్కి పంపుతున్నాను."

"పరికర నిర్ణయముతో విభేదము. కారణము తెలుపుము."

"మన గొట్టం కారుతోంది," అన్నాడాయన.

ఎర్ర దీపం ఆరలేదు. కానీ కూలీలు డబ్బాలు ఎత్తుకుని మెట్లు దిగిపోయారు.

గున్నమ్మప్ప ఇంకా గోడ వైపే చూస్తోంది. గొట్టం ఆవిడ ఇంట్లోంచే మా వైపు వస్తుంది. "ఒలే, ఆ పలుగు అలగే పట్టుకురా. నా వైపు కూడా ఇప్పు," అంది.

"ముద్రుంటాది అప్పా."

"నీకొకటి, నాకొకటి. ఇప్పవే."

8

నానిన స్తంభం కోసి తీసేశాం. గూడు ఉన్న చెక్క అంతా వంటసాల పొయ్యిలో పెట్టాం. కొత్త స్తంభానికి సరుగుడు దుంగ కావాలి. మంచు వలలు కట్టే గుంజ ఒకటి విరిగిందని ఎర్నాయుడు మోసుకొచ్చాడు. అది విరిగినట్టు నాకు కనిపించలేదు. అడగలేదు. చూరు మీదికి వాలిన చింతకొమ్మ కూడా కొట్టేశాం. కొత్త చీమలు దాని మీంచే ఇంట్లోకి దిగుతాయి.

మా వైపు గొట్టం కట్టేశాం. కట్టేయకపోతే చెక్క ఆరదు. పగలు ఇల్లు పొయ్యిలా ఉంది. తడిగుడ్డలు కప్పుకుని నేల మీద పడుకుంటున్నాం. గున్నమ్మప్ప వైపు చెక్క అంతగా పాడవలేదు. ఆవిడ గొట్టానికి కొత్త గుడ్డ చుట్టి మళ్ళీ తెరిచాం. ఎండ ముదిరాక ఆవిడ గోడ మీద మూడుసార్లు కొడుతుంది, రమ్మని. ముగ్గురం ఆ ఖాళీ ఉయ్యాల కింద పడుకుని పుట్టబోయే బిడ్డకి పేర్లు వెతుకుతున్నాం. ఆవిడకి ఏ పేరూ నచ్చదు.

గోడ కొట్టి చూస్తుంటాను. గట్టిగా పలుకుతోంది. చెక్క మీద కొడితే చెక్క చప్పుడే.

కార్యాలయం తీర్పు పారా చదివింది. చెద అన్న నిర్ణయం రద్దు. ఇళ్ళు కాల్చరు. అయితే ముద్ర తెంపినందుకు ఈ ఎండలు తగ్గేవరకు మా ఇంటికి చలినీళ్ళు ఇవ్వరు. ఇకమీదట "గృహస్థురాలు పైడితల్లి ఏ గృహమందునూ, ఏ గోడనూ తెరువరాదు." తెరిస్తే మెట్ట శిబిరం. గొట్టం ఎందుకు కారిందో ఒక్క ముక్క లేదు. ధనుంజయని ఈ మెట్ల నుంచి తీసేసి సముద్రం ఒడ్డున పంపుల దగ్గర వేశారు.

వెళ్ళే ముందు ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. "తప్పు చేశానేమో అని రోజూ అనుకుంటున్నానమ్మా," అన్నాడు.

"గోడ పడిపోతాదనా?"

"కాదు. ఆరో మెట్టులో గోడ విప్పి చూడమని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ తప్పు." గ్లాసు కింద పెట్టి, గొడుగు తీసుకుని దిగిపోయాడు.

ఎండకి నా వీపంతా పొక్కులు లేచాయి. గొట్టం తెరుస్తాం, క్షమాపణ రాసివ్వమని పారా రోజూ అడుగుతోంది. "విన్నపము సమర్పించెదరా?" అంటుంది. "సమర్పించను," అంటాను. రేపు కూడా అడుగుతుంది. రేపు కూడా అదే చెబుతాను.

9

పదో మెట్టు నుంచి ఒకామె వచ్చింది. ఎండకూత పడబోతోంది. అయినా తలకి గుడ్డ చుట్టుకుని పరుగున దిగి వచ్చింది. కొంగు ముడి విప్పి నా అరచేతిలో వేసింది. రెక్కల పురుగు. దారంతో కట్టినట్టు నడుము, ముందు రెక్కలు పెద్దవి.

"నిన్న దీపం వెలిగింది అప్పా, ఎర్రది. మా ఇల్లు, అటూ ఇటూ రెండిళ్ళు. ముసలాయన మంచంలో ఉన్నాడు. మీరు గోడ ఇప్పితే వదిలేసినారంట గదా. ఒకసారి వస్తారేటి?"

పారా అంది, "గృహస్థురాలు పైడితల్లికి నిషేధము వర్తించును. గుర్తు చేయబడినది."

ఆమె ముఖం వాడిపోయింది. నేను మూల ఉన్న ఉలి కోసం లేచాను. అక్కడ ఉలి లేదు.

ఎర్నాయుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పలుగు భుజం మీద ఉంది, ఉలి నడుములో దోపుకున్నాడు. తలకి తడిగుడ్డ చుట్టుకుంటూ పారా వైపు తలెత్తి చూశాడు.

"ఒకసారి ఆ తీర్పు మళ్ళీ సదువు," అన్నాడు.

పారా చదివింది.

"అందులో దీని పేరే ఉన్నాది. నా పేరు ఉన్నాదా?"

పారా ఆగింది. నేను విన్నంతలో అది ఎప్పుడూ ఆగలేదు. "లేదు," అంది.

"మరైతే రాసుకో," అని, ఆయన ఆమెతో కలిసి మెట్లెక్కాడు. నేను గోడ విప్పకూడదన్నారు గానీ, పక్కన నిలబడి ఎక్కడ విప్పాలో చెప్పకూడదనలేదు. తలుపు దగ్గరికి వేసి వాళ్ళ వెనకే బయల్దేరాను.